సిలబస్‌లో లేని నీళ్ళు

కరస్పాండెంటు గోవర్ధనరావు కెమిస్ట్రీ ల్యాబ్‌లోకి చెప్పులతోనే వచ్చాడు. ఆయన వెనక ప్రిన్సిపాలు. ప్రిన్సిపాలు వెనక ఇద్దరు బలమైన మనుషులు. వాళ్ళు కాలేజీ వాళ్ళు కారు. గోవర్ధనరావు రొయ్యల చెరువుల మీద కాపలా ఉండేవాళ్ళు.

నేనప్పుడు ఫిజిక్స్ ల్యాబ్‌లో పిల్లల చేత ప్రాక్టికల్స్ చేయిస్తున్నాను. రెండు ల్యాబులకీ మధ్య ఛాతీ ఎత్తు గోడ తప్ప ఇంకేమీ లేదు. అందుకే చెప్తున్నాను, ఇది నేను విన్నది కాదు, చూసింది.

బల్లల మీద సీసాలున్నాయి. దగ్గుమందు సీసాలు, సోడా సీసాలు, పచ్చడి సీసాలు. బియస్సీ రెండో ఏడాది పిల్లలు ఎవరింట్లో తాగే నీళ్ళు వాళ్ళు పట్టుకొచ్చారు. రాహేలు మేడం బ్యూరెట్ దగ్గర నిలబడి ఒకమ్మాయి చేత చుక్కచుక్కగా మందు దింపిస్తున్నారు.

"ఏంటివన్నీ?" అన్నాడు గోవర్ధనరావు.

"నీళ్ళండి," అన్నారు మేడం.

"నీళ్ళని నాకూ కనపడుతోంది. ఎక్కడివి?"

"పిల్లల ఊళ్ళవి. నీళ్ళలో ఉప్పు ఎంతుందో లెక్క కట్టడం వీళ్ళ ప్రాక్టికల్సండి. సిలబస్‌లో ఉంది."

"నా చెరువులున్నాయా సిలబస్‌లో?"

"లేవండి. నీళ్ళు ఏ ఊరి నుంచి తేవాలో, ఏ ఊరి నుంచి తేకూడదో కూడా లేదు."

గోవర్ధనరావు ముందు బల్ల మీద సీసా తీశాడు. దాన్ని వెలుగుకి ఎత్తి చూశాడు. సింకులో వంచేశాడు. ఖాళీ సీసాని నేల మీద కొట్టాడు. అంతే, ఆ ఇద్దరూ మొదలుపెట్టారు. బల్ల తర్వాత బల్ల ఊడ్చేసుకుంటూ పోయారు. ఆడపిల్లలు గాజుపెంకుల మధ్య కాళ్ళు ముడుచుకుని స్టూళ్ళెక్కారు. ప్రిన్సిపాలు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

"నిన్ను పెట్టుకుంది పాఠం చెప్పమని. మా తిండి తింటూ మా మీదికే పిల్లల్ని ఎగదోస్తావా? మీ బతుకులకి ఇంత ఉద్యోగం ఇవ్వడమే మా తప్పు."

పదిహేనేళ్ళుగా ఆ కాలేజీలో పాఠం చెప్తున్న మనిషిని, ఆవిడ విద్యార్థుల ముందు, 'నువ్వు' అన్నాడు. 'మీ బతుకులు' అన్నాడు. ఆ మాటకి అర్థం ఏమిటో అక్కడున్న ప్రతి పిల్లకీ తెలుసు. రాహేలు మేడం బందరులో మిషను బడి ఆయమ్మ కూతురు. మాలపల్లె నుంచి వచ్చి ఎమ్మెస్సీ చదివారు.

మేడం ముఖం ఎర్రబడింది. గొంతు మాత్రం మారలేదు. "క్లాసు ఇంకా అవ్వలేదండి. మీరు బయట ఉంటే అయ్యాక మాట్లాడుకుందాం," అన్నారు.

బ్యూరెట్ దగ్గరున్న అమ్మాయి అప్పుడు నోరు తెరిచింది. "మీరు పారబోసినవి మా ఇంట్లో తాగే నీళ్ళండి. రేపు మళ్ళీ తెస్తాను."

"ఎవరమ్మాయివి నువ్వు?"

"పల్లెపాలెం పోతయ్య కూతుర్నండి. వీరదుర్గ."

"పోతయ్య కూతురివా," అని తలాడించాడు గోవర్ధనరావు. "సరే. పోతయ్యతోనే మాట్లాడతాను."

ఆ కాలేజీ ఎలా పుట్టిందో చెప్పాలి. లేకపోతే 'మా తిండి' అన్న మాటలో ఉన్న అబద్ధం తెలీదు.

డెబ్బై ఏడు ఉప్పెనలో దివిసీమ శవాల దిబ్బయింది. ఆ తర్వాత బతికినవాళ్ళు కట్టుకున్న కాలేజీ అది. పల్లెపాలెం వాళ్ళు పడవల్లో ఇసక తోలారు. మాలపల్లె, మాదిగపల్లె వాళ్ళు ఇటిక కోసి కాల్చారు. రైతులు వడ్లు పోశారు. స్థలం సర్కారిచ్చింది. కమిటీ పెట్టుకుందామన్నప్పుడు మాత్రం కుర్చీలో గోవర్ధనరావు తండ్రి కూర్చున్నాడు, తర్వాత కొడుకు కూర్చున్నాడు. కాలేజీకి ఎయిడ్ వచ్చింది. అంటే పర్మనెంటు లెక్చరర్ల జీతాలు ప్రభుత్వమే ఇస్తుంది. అయినా గోవర్ధనరావు నోట ఎప్పుడూ 'మా కాలేజీ', 'మా స్టాఫు'.

తొంభైల్లో రొయ్యల పిచ్చి పట్టింది. మాగాణి తవ్వేసి చెరువులు చేశారు. ఉప్పుటేటికి ఇంజన్లు పెట్టి సముద్రపు నీళ్ళు లోపలికి తోడారు. హంసలదీవి దారిలో ఉన్న పల్లెపాలానికి మూడువైపులా గోవర్ధనరావు చెరువులే. ఆ ఊరికి ఒకటే మంచినీళ్ళ గుంట. ఆ గుంటలో నీళ్ళు మొదట రుచి తగ్గాయి, తర్వాత ఉప్పగా మారాయి, తర్వాత పసిపిల్లలకి విరేచనాలు పట్టుకున్నాయి. వీరదుర్గ మేనత్త కొడుకు పాలు మరిచే వయసులో అలాగే పోయాడు.

ఒకరోజు క్లాసులో రాహేలు మేడం కుళాయి నీళ్ళలో ఉప్పు ఎంతుందో లెక్క కట్టి చూపించారు. పసుపురంగు నీళ్ళు చూస్తుండగానే ఇటికరంగుకి తిరిగాయి. ఉప్పు ఎంత ఎక్కువుంటే ఆ రంగు తిరగడానికి అంత ఎక్కువ మందు దింపాలి. వీరదుర్గ లేచి, "మా గుంట నీళ్ళలో ఎంతుందో కూడా ఇలాగే తెలుస్తుందా మేడం?" అని అడిగింది. "తెలుస్తుంది. తీసుకురా," అన్నారు మేడం. మర్నాడు తెచ్చింది. బ్యూరెట్ మళ్ళీ మళ్ళీ నింపినా ఆ పసుపురంగు కదల్లేదు. క్లాసంతా ఆ బల్ల చుట్టూ మూగింది. తర్వాత అందరూ ఎవరి నీళ్ళు వాళ్ళు తెస్తామన్నారు. పల్లెపాలెం వాళ్ళు పోతయ్యని ముందు పెట్టుకుని మండలాఫీసుకి వెళ్ళి, "మా నీళ్ళు చెడగొట్టిందెవరో తేల్చండి" అని అడిగారు.

జరిగింది ఇదే. ఒక పిల్ల ప్రశ్న అడిగింది. టీచరు జవాబు చెప్పింది.

సీసాలు పగలగొట్టిన మర్నాడు మేడంని సస్పెండ్ చేశారు. కాలేజీ రసాయనాలు వృథా చేసిందట, విద్యార్థుల్ని యాజమాన్యం మీదికి రెచ్చగొట్టిందట. మధ్యాహ్నం ప్రిన్సిపాలు స్టాఫ్‌రూంకి టైపు చేసిన కాగితాలు పట్టుకొచ్చాడు. పాఠ్యపుస్తకంలో లేని విషయం తరగతిలో మాట్లాడను, ప్రజల వ్యవహారాల మీద అభిప్రాయం చెప్పను, విద్యార్థులతో తరగతి బయట సంబంధం పెట్టుకోను. కింద సంతకం.

ముందు జువాలజీ భానుమతి గారు కళ్ళజోడు తీశారు.

"నాకో అనుమానమండీ ప్రిన్సిపాల్ గారూ. రొయ్య నా సిలబస్‌లో ఉంది. దాని తల, తోక, కాళ్ళు అన్నీ చెప్పాలి. ఈ రొయ్యకి తెల్లమచ్చ రోగం ఎందుకొస్తోంది మేడం అని ఎవడైనా అడిగితే ఏం చెయ్యను? నోట్లో గుడ్డలు కుక్కుకోనా?"

ఒకరిద్దరు నవ్వారు. ప్రిన్సిపాలు నవ్వలేదు.

"గొడవెందుకు?" అన్నారు కామర్స్ యుగంధర్ గారు. మా లెక్చరర్ల సంఘానికి ఆయనే అధ్యక్షుడు. గోవర్ధనరావుకి బావ వరస కూడా. "కాగితం కాగితమే. సంతకం పెట్టి ఎవరి పాఠం వాళ్ళు చెప్పుకుందాం. రాహేలు గారి సంగతి చట్టప్రకారం చూసుకుందాం. నేను డైరెక్టరేటుకి రాస్తాను."

"సంతకం పెట్టాక రాయడానికి మీకు హక్కేదండీ? ప్రజల వ్యవహారాలు మాట్లాడనని ఒప్పుకున్నట్టేగా?" అన్నాను నేను.

అందరూ నా వైపు తిరిగారు. నేను పార్ట్‌టైం వాణ్ణి. ఈశ్వరప్రసాద్ అన్న నా పేరు కూడా టైంటేబుల్లో ఉండదు, 'పి.టి.' అని ఉంటుంది. అలాంటి వాళ్ళం ఆ కాలేజీలో సగం మంది.

"నేను పెట్టనండి," అన్నాను.

ప్రిన్సిపాలు చాలా మర్యాదగా చెప్పాడు. "నువ్వు పెట్టక్కర్లేదయ్యా ప్రసాదూ. రేపట్నించి రాకు, చాలు."

అంతే. విచారణ లేదు, నోటీసు లేదు. నా చేతిలో ఉన్న సుద్దముక్క కూడా కింద పెట్టకముందే నా ఉద్యోగం పోయింది. ఆ గదిలో యుగంధర్ గారు ముందు సంతకం పెట్టారు. ఆయన వెనక ఇంకొందరు పెట్టారు. భానుమతి గారు పెట్టలేదు.

సాయంత్రం మేడం ఇంటికి వెళ్ళాను. యుగంధర్ గారు అప్పటికే వచ్చి ఉన్నారు, చేతిలో విద్యాచట్టం పుస్తకం. మనిషి సంతకం పెట్టాడే గానీ మనసు కుదుటపడినట్టు లేదు.

"ఇదిగో చూడండి," అన్నారు. "ఎయిడెడ్ టీచర్ని విచారణ లేకుండా, పైవాళ్ళ అనుమతి లేకుండా తీసెయ్యడానికి లేదు. సస్పెన్షనుకి రెండు నెలలే గడువు. ఈలోపు తేల్చకపోతే మిమ్మల్ని తీసుకోవలసిందే. మీరు నిశ్శబ్దంగా ఇంట్లో కూర్చోండి, చాలు. గెలుస్తారు."

మేడం ఆ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పారు. "ఇందులో ప్రసాద్ ఎక్కడున్నాడండీ?"

యుగంధర్ గారు పుస్తకం కోసం చెయ్యి చాపారు.

"లేడు కదా. నాకు చట్టం ఉంది. నోటితో ఒక్క మాట చెప్తే పోయేవాడికి ఏమీ లేదు. నా ఒక్కదాని కోసమే పోరాడి గెలిచామనుకోండి. రేపు మనం రిటైరైన ప్రతి కుర్చీలోనూ ఇతని లాంటి వాణ్ణి కూర్చోబెడతారు. నోరు తెరిస్తే పోయే ఉద్యోగం. అప్పుడు పిల్లలకి నిజం చెప్పేవాడెవడు?"

"మీ ఉద్యోగం నిలబెట్టుకోండి ముందు. హక్కుల సంగతి..."

"హక్కుల పేజీ మీరు చూపించారు. బాధ్యత సంగతి? ఆ పిల్ల తాగే నీళ్ళ గురించి అడిగింది. జవాబు నాకు తెలుసు. తెలిసీ చెప్పకపోతే నేను టీచర్నెలా అవుతానండీ? జీతం తీసుకునే మనిషినవుతాను, అంతే."

యుగంధర్ గారు పుస్తకం మూసి లేచారు. గుమ్మం దాకా వెళ్ళి, "నేను మీలా కాదండీ. నాకు వాళ్ళతో పెళ్ళిళ్ళూ పేరంటాలూ ఉన్నాయి," అన్నారు. ఆ మాట అన్నందుకు ఆయనే సిగ్గుపడ్డారు.

మర్నాడు మేడం కాలేజీకి వచ్చారు. గేటు తీయలేదు. గేటుకి ఎదురుగా కాలవ గట్టు మీద కూర్చున్నారు. వీరదుర్గ క్లాసు బయటికి వచ్చి ఆవిడ ముందు కూర్చుంది. తర్వాత క్లాసంతా వచ్చింది. నేనూ వెళ్ళాను. సుద్దముక్క లేదు, బోర్డు లేదు. కాలవలో నీళ్ళు చూపించి ప్రవాహం గురించి చెప్పాను. భానుమతి గారు ఖాళీ పీరియడ్లలో వచ్చి రొయ్య పాఠం చెప్పారు, రోగంతో సహా. ఎండ పెరిగేది. పిల్లలు పుస్తకాలు నెత్తిన పెట్టుకుని వినేవాళ్ళు. లోపల బల్లలు ఖాళీగా ఉండేవి.

బజారుకి పోయే పల్లెపాలెం ఆడవాళ్ళు గంపలు దించి నిలబడేవాళ్ళు. వీరదుర్గ తల్లి పెద్దింట్లమ్మ ఒకరోజు సూటిగా అడిగేసింది.

"ఓ టీచరమ్మా, ఒక మాట చెప్పు. ఈ గొడవ మా నీళ్ళ కోసమా, మీ ఉద్యోగాల కోసమా? మీ ఉద్యోగాలు మీకొచ్చేస్తే మీరెళ్ళిపోతారు. మేం ఆ ఉప్పునీళ్ళే తాగుతా ఉంటాం. దానికి నా పిల్ల చదువు నాశనం అవ్వాలా?"

"పరీక్షలకి హాల్‌టికెట్ ఇవ్వనన్నారంట," అన్నాడు పక్కనే ఉన్న పోతయ్య. మెతకమనిషి. గొంతు పెంచి మాట్లాడి ఎరగడు. "నా కుర్రతనంలో ఈ కాలేజీకి ఇసక మోశానండి. నా పిల్ల ఇందులో చదువుకుంటే చాలనుకున్నా."

మేడం లేచి నిలబడ్డారు. "రెండిటి కోసమూ, పెద్దింట్లమ్మా. మీ నీళ్ళు బాగోలేవని చెప్పినందుకే నన్ను వెళ్ళగొట్టారు. రేపు ఇంకెవరైనా చెప్పకుండా ఉండాలని వెళ్ళగొట్టారు. నా ఉద్యోగం వచ్చేసి మీ నీళ్ళు అలాగే ఉంటే, నా నోరు మూయించినట్టే. నేను అలా వెళ్ళను. వెళ్తే నన్ను అడుగు."

"అడుగుతా," అంది పెద్దింట్లమ్మ. "నడిబజార్లో నిలబెట్టి అడుగుతా."

ఆ రోజు నుంచి గట్టు మీద వాళ్ళూ కూర్చున్నారు. పార్ట్‌టైం వాళ్ళం మా గొంతు కలిపాం, కలిపినవాళ్ళ ఉద్యోగాలూ నాలాగే పోయాయి. సంతకాలు పెట్టినవాళ్ళలో కొందరు తలదించుకుని గేటు దాటుతూ, ఒకరోజు ఆగి, ఇంకోరోజు కూర్చున్నారు. ఉద్యోగాలు తిరిగి ఇవ్వాలి, ఆ కాగితాలు చింపాలి, పల్లెపాలెం నీళ్ళని అందరి ముందూ పరీక్ష చెయ్యాలి. అదీ మా పట్టు.

చట్టం కోసం గోవర్ధనరావు విచారణ పెట్టాడు. రిటైరైన ఆఫీసరు ఒకాయన్ని తెచ్చి హాల్లో కూర్చోబెట్టాడు. తలుపులు మూసి చేద్దామన్నాడు. వరండా నిండా జనం. పల్లెపాలెం మొత్తం కదిలొచ్చింది. తలుపులు మూయడం కుదరలేదు.

యాజమాన్యం తరపు ముఖ్యసాక్షి యుగంధర్ గారు. సంతకం పెట్టించుకున్న వాంగ్మూలం ముందే తయారుగా ఉంది. ఆఫీసరు చదివాడు. "రాహేలు గారు యాజమాన్యానికి వ్యతిరేకంగా విద్యార్థుల్ని రెచ్చగొట్టడం నేను కళ్ళారా చూశాను. ఇది మీ మాటేనా?"

యుగంధర్ గారు లేచారు. ముందు వరసలో గోవర్ధనరావు, వెనక గోడ దగ్గర పెద్దింట్లమ్మ. ఇద్దర్నీ చూశారు.

"సంతకం నాదే. మాట నాది కాదు."

"అంటే?"

"నేను ఏ రెచ్చగొట్టడమూ చూడలేదు. చూసినట్టు రాయించుకున్నారు. భయపడి పెట్టాను. ఆ సంతకం వెనక్కి తీసుకుంటున్నాను. స్టాఫ్‌రూంలో పెట్టిన సంతకం కూడా. నేను టీచర్ని. ఎవరి పాలేరునీ కాదు."

"బావా!" అన్నాడు గోవర్ధనరావు.

"ఇక్కడ బావలు లేరండీ కరస్పాండెంటు గారూ," అన్నారు యుగంధర్ గారు.

హాలు దద్దరిల్లింది. నా పక్కనున్న పిల్లలు ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని గెంతారు. అప్పుడే పల్లెపాలెం నుంచి ఒక ముసలాయన సైకిలు తొక్కుకుంటూ వచ్చి వరండా ముందు పడేసి అరిచాడు.

"ఊళ్ళో ఎవురూ లేరని చెరువు ఖాళీ చేస్తన్నారు! రోగం రొయ్యల మురుగంతా గుంటలోకి తోలేస్తన్నారు!"

జనం ఒక్కసారిగా రోడ్డెక్కారు. మేం వెంట పరిగెత్తాం. మేడం ఒక్కరే ఆగిపోయారు. ఆఫీసరు విచారణ వాయిదా వెయ్యలేదు. ఆవిడ వెళ్తే 'హాజరు కాలేదు' అని రాసి పని ముగిస్తారు. "మీరు వెళ్ళండి. నేను ఇక్కడ వీళ్ళని అడగాల్సినవి ఉన్నాయి," అన్నారు.

చెరువు గట్టు మీద ఇంజన్లు మోగుతున్నాయి. నల్లటి నీళ్ళు గొట్టాల్లోంచి మంచినీళ్ళ గుంట వైపు తోసుకుపోతున్నాయి. ఆడవాళ్ళు నేరుగా వెళ్ళి గొట్టాల మీద కూర్చున్నారు. పోతయ్య, ఇంకో నలుగురు ఇంజను ఆపబోయారు. వాళ్ళ చేతుల్లో కర్ర లేదు, రాయి లేదు. ఇది కూడా నేను చూసిందే.

పోలీసు వ్యాను ముందే వచ్చి కొబ్బరితోటలో ఆగి ఉంది. హెచ్చరించలేదు. పోలీసులు దిగీ దిగగానే లాఠీలు లేపారు. ఆడవాళ్ళని జుట్టు పట్టి లాగి బురదలోకి తోశారు. భానుమతి గారి మోచెయ్యి విరిగింది. పోతయ్య రెండు చేతులూ ఎత్తి, "ఆపండి బాబూ, ఆడాళ్ళున్నారు," అంటూ ముందుకొచ్చాడు. లాఠీ నెత్తి మీద పడింది. పడటం ఇంజను ఇనప చట్రం మీద పడ్డాడు. మళ్ళీ లేవలేదు.

తలుపుచెక్క మీద వేసి మోసుకెళ్ళాం. బందరు పెద్దాసుపత్రికి చేరేసరికి ఒంట్లో ప్రాణం లేదు. వీరదుర్గ ఏడవలేదు. తండ్రి కాళ్ళకి అంటుకున్న బురద తన ఓణీతో తుడుస్తూ కూర్చుంది. పెద్దింట్లమ్మ ఆసుపత్రి వరండాలో నేల మీద పడి దొర్లింది.

దహనం అయిన రోజు సాయంత్రం రాహేలు మేడంని అరెస్టు చేశారు. కేసులో ఆవిడే మొదటి ముద్దాయి. లాఠీలు లేచినప్పుడు ఆవిడ కాలేజీ హాల్లో, యాజమాన్యం తెచ్చిన ఆఫీసరు ఎదుటే కూర్చుని ఉన్నారు. అయినా మొదటి ముద్దాయి ఆవిడే. తన పాఠాల ద్వారా జనాన్ని హింసకి పురిగొల్పిందని రాశారు. పోతయ్యని చంపిన లాఠీ ఎవరిదో మాత్రం రాయలేదు. ఇంజను తగిలి చచ్చాడన్నారు.

పాఠం చెప్పడం నేరమైంది. ఈ మాట బందరు కాలేజీల్లో చెప్పాం, గుడివాడలో చెప్పాం. గుడివాడ సభలో యుగంధర్ గారు మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయారు. ఆయన బదులు వీరదుర్గ మైకు అందుకుంది. "మా నాన్న చచ్చిపోయాడు. నేను అడిగిన ప్రశ్న వల్లే చచ్చిపోయాడంటున్నారు. మళ్ళీ అడుగుతాను. మీరు చెప్తారా?" అంది. అంతకంటే ఏమీ అనలేదు. వేదిక కింద కూర్చున్న లెక్చరర్లు లేచి నిలబడ్డారు. మర్నాడు గుడివాడలో, బందరులో తరగతులు నడవలేదు.

విచారణ తేలకుండానే సస్పెన్షన్ గడువు దాటిపోయింది. పైఆఫీసు నుంచి రాహేలు గారిని డ్యూటీలో చేర్చుకోమని ఉత్తర్వు వచ్చింది. ఆ వారమే బెయిలూ వచ్చింది. బెయిలుకో షరతు ఉంది. కేసు తేలేదాకా ఆవిడ దివిసీమలో అడుగుపెట్టకూడదు.

నా ఉత్తర్వు ఎక్కడా లేదు. నాలాంటి వాళ్ళకి ఎవరూ రాయలేదు.

మేడం జైలు బయట ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. "ఒక చేత్తో ఉద్యోగంలో చేరమంటున్నారు, ఇంకో చేత్తో చేరితే జైలంటున్నారు. సర్కారు ఒకటే," అన్నారు. తర్వాత లేచి చెప్పులు తొడుక్కున్నారు. "పదండి. నేను డ్యూటీలో చేరాలి."

మోపిదేవి దాకా బస్సులో వెళ్ళాం. అక్కణ్ణుంచి నడిచాం. గుడివాడ నుంచి, బందరు నుంచి వచ్చిన లెక్చరర్లు, వాళ్ళ వెనక ఉద్యోగాలు పోయిన మేమందరం. పులిగడ్డ వంతెనకి అటువైపు పోలీసులు, వాళ్ళ వెనక మా విద్యార్థులు, పల్లెపాలెం జనం. తెల్లచీరలో పెద్దింట్లమ్మ ముందుంది.

"అమ్మా, షరతు దాటుతున్నారు. వెనక్కి వెళ్ళిపోండి," అన్నాడు ఎస్సై.

"క్లాసుకి టైమవుతోందండి. దారివ్వండి," అన్నారు మేడం.

వంతెన దిగి దివిసీమ మట్టి మీద కాలు పెట్టారు. అక్కడే పట్టుకున్నారు. జీపు ఎక్కించేటప్పుడు చీర చెంగు తలుపులో పడి చిరిగింది. పెద్దింట్లమ్మ పోలీసుల్ని తోసుకుని జీపు దగ్గరికి వచ్చింది. "నిన్ను నడిబజార్లో నిలబెట్టి అడుగుతానన్నాను. అడగక్కర్లేదు తల్లీ," అంది. జీపు వెళ్ళిపోయింది. దుమ్ములో మేమందరం మిగిలాం. గెలిచినట్టు ఎవరికీ అనిపించలేదు.

మర్నాడు మేం స్టాఫ్‌రూంకి వెళ్ళాం. గేటు దగ్గర నన్ను ఆపబోయిన కాపలావాడు యుగంధర్ గారి ముఖం చూసి పక్కకి తప్పుకున్నాడు. హాజరు పట్టీలో ప్రిన్సిపాలు అప్పటికే రాహేలు గారి పేరు ఎదురుగా ఎర్రసిరాతో ఆబ్సెంట్ వేసి ఉంచాడు. యుగంధర్ గారు పెన్ను తీసి దాన్ని కొట్టేశారు. పక్కన పెద్ద అక్షరాలతో రాశారు. 'ఆన్ డ్యూటీ. బందరు జైలు.'

"ఇది తప్పుడు రికార్డు!" అని ప్రిన్సిపాలు కేకేశాడు. "మీ ఉద్యోగం పోతుందండీ. పెన్షను పోతుంది."

"ఆవిడ చేస్తున్నది డ్యూటీ కాకపోతే, నేను ఇన్నేళ్ళూ చేసింది ఏమిటో నాకు తెలియదండీ," అన్నారు యుగంధర్ గారు.

ఫోను వెళ్ళింది. జీపు వచ్చింది. ఎస్సై వరండాలోంచే అరిచాడు. "ఎవడు రాసింది? బయటికి రమ్మనండి."

యుగంధర్ గారు కుర్చీలోంచి లేవబోయారు. "కూర్చోండి మాస్టారూ," అన్నారు భానుమతి గారు. కట్టుకట్టిన చేత్తోనే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డారు. "స్టాఫ్ రాశారండి."

నేను వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాను. లెక్కల మాస్టారు వచ్చారు. లైబ్రేరియన్ వచ్చింది. సంతకాలు పెట్టినవాళ్ళూ పెట్టనివాళ్ళూ, పర్మనెంటూ పార్ట్‌టైమూ ఒకళ్ళ వెనక ఒకళ్ళం గుమ్మం నిండా నిలబడ్డాం. పోలీసుల వెనక, తరగతుల్లోంచి పిల్లలు వరండాలోకి వస్తున్నారు. అందరికంటే ముందు వీరదుర్గ.

"తప్పుకోండి," అన్నాడు ఎస్సై.

ఎవరూ తప్పుకోలేదు.